నల్లరేగడి విద్యాపీఠం: నంద్యాలలో జీవశాస్త్ర పరిశోధన ఒక వృత్తిగా ఎదిగిన తీరు

సాధారణంగా ముందు విశ్వవిద్యాలయం వెలుస్తుంది, అందులో శాఖలు ఏర్పడతాయి, ఆచార్యులు వస్తారు, ఆ తర్వాతనే వారి పరిశోధన ప్రహరీగోడ దాటి పొలాలకూ అడవులకూ చేరుతుంది. నంద్యాలలో ఈ వరుస తలకిందులైంది. ఇక్కడ 1906లో ముందు పొలం వచ్చింది. ఆ పొలాన్ని తనదిగా చేసుకున్న విశ్వవిద్యాలయం 1964లో పుట్టింది. వ్యవసాయంలో పట్టా చదువు చెప్పే కళాశాల 1991లో గాని మహానందిలో మొదలుకాలేదు. అందువల్ల నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో జీవశాస్త్రాన్ని బతుకుతెరువుగా చేసుకున్నవారి చరిత్ర తరగతి గదిలో కాక చేలగట్ల మీద మొదలవుతుంది. ఆ పుట్టుక గుర్తులు ఈ వృత్తిలో నేటికీ చెరిగిపోలేదు.

ఎర్రమలలకూ నల్లమలకూ నడుమ కుందూ నది పారే ఈ లోయను పూర్వం రేనాడు అన్నారు. నేల నల్లరేగడి, ఎండితే నోళ్లు తెరుస్తుంది, తడిస్తే కాలు కదలనివ్వదు, కాని ఒకసారి పట్టిన తేమను నెలల తరబడి దాచుకుంటుంది. వానాకాలం ముగిశాక ఆ తేమతోనే జొన్న, పత్తి, శనగ పండించుకోవడం ఇక్కడి సేద్యానికి మూలాధారం. ఈ లోయలో పండిన దేశవాళీ పత్తికి మద్రాసు వర్తకంలో ‘నార్తరన్స్’ అనే పేరుండేది. బళ్లారి వైపు పత్తిని ‘వెస్టరన్స్’ అనేవారు. అమెరికా అంతర్యుద్ధం (1861–65) వల్ల ఇంగ్లండు మిల్లులకు పత్తి కరువు రావడంతో ఇలాంటి ప్రాంతాల మీద పాలకుల దృష్టి పడింది. ఆ దశాబ్దంలోనే మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తుంగభద్ర నీటిని మళ్లించి కర్నూలు–కడప కాలువ తవ్వింది. నష్టాల్లో కూరుకుపోయిన ఆ కంపెనీ నుంచి 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కుంది. కాలువ కింద వరి పెరిగినా మెట్ట మీద పత్తి పత్తిగానే మిగిలింది. ఆ పత్తికి రెండు లోపాలు చెప్పేవారు: పోగు పొట్టిది, విత్తనం కల్తీది. జిన్నింగు మిల్లులో నాలుగు ఊళ్ల పత్తి ఒకే యంత్రంలో పడి గింజలు కలిసిపోయేవి, మరుసటి ఏడు రైతు ఆ కలగలుపు గింజనే విత్తుకునేవాడు. ఒక చేనిలోనే పది రకాల మొక్కలు కనిపించేవన్నమాట.

కల్తీని విడదీసి, మంచి మొక్కను ఎంచి, దాని సంతతిని నిలబెట్టడం కోసమే 1906లో నంద్యాలలో వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఏర్పడింది. ఆ సంవత్సరానికి శాస్త్ర చరిత్రలోనూ ఒక ప్రాముఖ్యం ఉంది. బఠానీ మొక్కలపై గ్రెగర్ మెండెల్ చేసిన పరిశోధన ముప్పై ఐదేళ్ల మరుగు తర్వాత 1900లో మళ్లీ వెలుగు చూసింది. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యోహాన్సెన్ 1903లో శుద్ధవంశ సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. విలియం బేట్సన్ లండనులో జరిగిన అంతర్జాతీయ సదస్సులో ‘జెనెటిక్స్’ అనే మాటను ఆ కొత్త శాస్త్రానికి పేరుగా ప్రకటించింది 1906లోనే. శుద్ధవంశం అంటే తన పుప్పొడితో తానే ఫలించే మొక్క నుంచి తరతరాలుగా వచ్చిన, లక్షణాల్లో తేడా లేని సంతతి. అలాంటి వంశాలను కలగలుపు చేను నుంచి ఏరి వేరువేరు సాళ్లలో పెంచి పోల్చి చూడడమే శుద్ధవంశ ఎంపిక. కేంబ్రిడ్జిలో ఇంకా వాదోపవాదాల దశలో ఉన్న శాస్త్రానికి ఆచరణ రూపం ఇవ్వవలసిన పని, కరువుసీమలోని ఒక తాలూకా కేంద్రం మీద పడడం చిన్న సంగతి కాదు.

అయితే ఆ పని చేసిన తెలుగువారి స్థానం పెద్దది కాదు. మద్రాసు రాజధానిలో వ్యవసాయ విద్య 1870లలో సైదాపేటలో మొదలై, కొత్త శతాబ్ది తొలి దశాబ్దంలో కోయంబత్తూరుకు తరలింది. ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడి పదవి వంటి ఉన్నతోద్యోగాలు అక్కడే ఉండేవి, వాటిలో సి. ఎ. బార్బర్ వంటి ఆంగ్లేయులు ఉండేవారు. జిల్లా క్షేత్రంలో పనిచేసే భారతీయుడు ఫారం మేనేజరుగానో, సహాయకుడిగానో ఉండి, రోజూ సాళ్ల మధ్య నడిచి, మొక్క ఎత్తు, కాయల లెక్క, దూది బరువు పుస్తకంలో రాసి పంపేవాడు. అచ్చులో వచ్చే నివేదిక మీద సంతకం వేరొకరిది. నంద్యాలలో జీవశాస్త్ర వృత్తి ఇలా సంతకం లేని పనిగా మొదలైంది. వంగడాన్ని వెలికితీసిన మనిషి పేరు కాకుండా వంగడం పేరే లోకానికి తెలిసే ఆచారం ఇక్కడ అప్పుడే పడిందని భావించడానికి ఆస్కారం ఉంది.

ఆ పని స్వరూపాన్ని దగ్గరగా చూస్తే ఈ వృత్తి స్వభావం అర్థమవుతుంది. పత్తి పువ్వు ఉదయం విచ్చుకుంటుంది, మరునాటికి గులాబి రంగుకు తిరిగి వాడిపోతుంది. తల్లీ తండ్రీ కలిసే వ్యవధి కొన్ని గంటలే. వంశం శుద్ధంగా ఉండాలంటే ముందురోజే మొగ్గ కొనను దారంతో కట్టి, తేనెటీగ లోపలికి దూరకుండా చేస్తారు. రెండు వంగడాలను కలపాలంటే సాయంత్రం, మరునాడు విచ్చుకోబోయే మొగ్గను పట్టుకుని, బొటనవేలి గోటితో అడుగున గాటు పెట్టి, ఆకర్షణ పత్రాలతో పాటు పుప్పొడి తిత్తులున్న గొట్టాన్ని కీలానికి దెబ్బ తగలకుండా ఒలిచి, కాగితపు సంచి తొడుగుతారు. మరునాటి పొద్దున ఎండ ముదరకముందే తండ్రి మొక్క పువ్వును తెచ్చి కీలాగ్రానికి రాసి, తేదీ, జనకుల సంఖ్యలు రాసిన చీటీ కడతారు. రోజుకు కొన్ని వందల మొగ్గలు ఇలా చేయవచ్చు, కాని వాటిలో కాయగా నిలిచేవి కొన్నే. గోరు కాస్త లోతుగా దిగితే పిందె రాలిపోతుంది, తిత్తి ఒక్కటి మిగిలినా వంశం చెడుతుంది. కొర్ర విషయంలో కష్టం ఇంకా ఎక్కువ: పువ్వు కంటికి ఆనదు, అది విచ్చుకునేది రాత్రి పొద్దుపోయాకా తెల్లవారుజామునా. ఈ శాస్త్రంలో పట్టా ఉన్నవారి చేతికి, పట్టా లేని కూలి చేతికి నైపుణ్యంలో తేడా ఉండదు. చాలాసార్లు రెండో చెయ్యే మెరుగు.

చదువు దారి మాత్రం ఈ సీమకు చాలాకాలం మూసుకుపోయి ఉండేది. దత్తమండలం అని అప్పట్లో పిలిచే ఈ నాలుగు జిల్లాల్లో 1916లో అనంతపురంలో కళాశాల వెలిసేదాకా పట్టా చదువుకు మద్రాసే దిక్కు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినా అది కోస్తాకే పరిమితమవుతుందన్న అసంతృప్తి ఇక్కడ బలపడింది. 1928 నవంబరులో ఆంధ్ర మహాసభ నంద్యాలలో జరిగింది. ‘దత్తమండలం’ అనే పేరులోని పరాధీనతను తొలగించి ‘రాయలసీమ’ అనే పేరును చిలుకూరి నారాయణరావు సూచించింది ఆ సందర్భంలోనే. 1937 నవంబరు 16న మద్రాసులో కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒప్పందంలో అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలన్న షరతును సీమ నాయకులు పట్టుబట్టి రాయించుకున్నారు. దాన్ని కేవలం రాజకీయ బేరంగా చూడడం సరికాదు. చదువుకునే చోటు లేని ప్రాంతానికి ఉద్యోగం కూడా ఉండదన్న అనుభవం ఆ షరతు వెనక ఉంది. బాపట్లలో తెలుగు ప్రాంతాల తొలి వ్యవసాయ కళాశాల 1945లో, తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో, అక్కడే వ్యవసాయ కళాశాల 1961లో వచ్చాయి. అనంతపురానికి 1968లో స్నాతకోత్తర కేంద్రం, 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం దక్కాయి. శ్రీబాగ్ నాటి మాట నెరవేరడానికి 44 ఏళ్లు పట్టింది.

ఈ నడిమి దశాబ్దాల్లో పరిశోధనకు డబ్బు వచ్చిన తీరు కూడా వృత్తిని మలిచింది. 1921లో ఏర్పడిన భారత కేంద్ర పత్తి సంఘం, పత్తి మీద వసూలు చేసిన సుంకంతో రాష్ట్రాల్లో పరిశోధన పథకాలకు నిధులిచ్చేది. వ్యవసాయంపై నియమించిన రాయల్ కమిషన్ సిఫారసుతో 1929లో వెలసిన వ్యవసాయ పరిశోధన మండలి ఇతర పంటలకు అదే పద్ధతి పాటించింది. పథకానికి గడువు ఉంటుంది, గడువు ఉన్నంతకాలమే దాని కింద ఉద్యోగం ఉంటుంది. ‘స్కీము ఉద్యోగం’ అని ఉద్యోగులు పిలుచుకునే ఈ ఏర్పాటులో మొక్కకు కావలసిన కాలం ఒకటి, మనిషికి దొరికే కాలం మరొకటి. నేడు జూనియర్ రీసెర్చ్ ఫెలోగా, సీనియర్ రీసెర్చ్ ఫెలోగా ప్రాజెక్టు ముగిసేదాకా పనిచేసి మళ్లీ కొత్త ప్రకటన కోసం ఎదురుచూసే యువతీయువకుల స్థితికి బీజం అక్కడుంది. ఈ అస్థిరత కొత్త రోగం కాదు, ఈ వృత్తిలో పుట్టుకతో వచ్చిన లోపం. అది ఇంతకాలం సరికాకపోవడం విచారించవలసిన విషయం.

1964 జూన్ 12న ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడడంతో పెద్ద మలుపు వచ్చింది. ఓ. పుల్లారెడ్డి తొలి ఉపకులపతి. 1965 మార్చిలో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి దాన్ని ప్రారంభించారు. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయం సహకారంతో అది ‘లాండ్ గ్రాంట్’ పద్ధతిలో రూపుదిద్దుకుంది. ప్రభుత్వ భూమి ఆధారంగా నడిచే విశ్వవిద్యాలయం పాఠం చెప్పాలి, పరిశోధించాలి, ఫలితాన్ని రైతుకు చేర్చాలి అన్నది 1862 నాటి అమెరికా చట్టం నుంచి ఎదిగిన ఆ పద్ధతి సారాంశం. ప్రభుత్వ శాఖ కింద ఉన్న పరిశోధనా కేంద్రాలు ఆ దశాబ్దంలోనే విశ్వవిద్యాలయానికి బదిలీ అయ్యాయి, నంద్యాల వాటిలో ఒకటి. దానితో క్షేత్ర సహాయకుడి వారసుడు ఆచార్య శ్రేణిలోకి వచ్చాడు. బోధనలో సహాయ ఆచార్యుడు, క్షేత్రంలో శాస్త్రవేత్త అనే రెండు పేర్లు ఒకే హోదాకు వర్తిస్తాయి. బాపట్లలో పాఠం చెప్పినవారు ఏడాది తిరగకముందే నంద్యాల పత్తి చేలో ఉండవచ్చు, అక్కడి నుంచి రైతులకు సలహాలిచ్చే ఏరువాక కేంద్రానికి వెళ్లవచ్చు. తర్వాతి దశలో నంద్యాల కేంద్రం అల్ప వర్షపాత మండలానికి ప్రాంతీయ కేంద్రంగా ఎదిగింది. విశ్వవిద్యాలయానికి 1996లో ఆచార్య ఎన్. జి. రంగా పేరు పెట్టారు. 2014లో రాష్ట్రం విడిపోయాక దాని కేంద్ర కార్యాలయం గుంటూరు వద్ద లాంకు చేరింది.

ఒక వంగడం పుట్టడానికి పట్టే కాలాన్ని లెక్కిస్తే ఈ ఉద్యోగంలోని విచిత్రం బోధపడుతుంది. రెండు జనక మొక్కలను కలిపిన తొలి తరం నుంచి లక్షణాలు స్థిరపడే ఆరేడు తరాల వరకు ఎంపిక, తర్వాత కేంద్రంలో దిగుబడి పరీక్షలు, ఇతర కేంద్రాల్లో బహుళ స్థల పరీక్షలు, రైతు పొలాల్లో చిన్న విత్తన సంచులతో ప్రదర్శనలు, చివర విడుదల సంఘం ఆమోదం – మొత్తం పది పన్నెండేళ్లు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒక ప్రజననకర్త, అంటే వంగడాలను రూపొందించే శాస్త్రవేత్త, పూర్తిగా చూడగలిగేవి రెండు మూడు వంగడాలే. నడుమ బదిలీ అయితే ఒకరు చేసిన సంకరాన్ని మరొకరు ఎంపిక చేస్తారు, మూడోవారు విడుదల చేస్తారు. పత్రంలో మొదటి పేరు ఎవరిదన్న లెక్కతో పదోన్నతి నిర్ణయించే విశ్వవిద్యాలయ పద్ధతికీ ఈ సమష్టి శ్రమకూ పొత్తు సరిగా కుదరలేదు. పరిశోధన పత్రం ఒక రుజువు, వంగడం అంతకంటే పెద్ద రుజువు. రెండో దానికి మొదటి దాని కంటే తక్కువ విలువ కట్టే ఏ కొలమానమైనా ఈ వృత్తికి అన్యాయం చేసినట్టే.

వంగడాలకు పెట్టిన పేర్లలో మాత్రం ఊరి ముద్ర స్పష్టంగా ఉంది. నంద్యాల చుట్టూ నవనందులు కొలువై ఉన్నాయి. ఇక్కడి పత్తిలో ‘శివనంది’, కొర్రలో ‘సూర్యనంది’, ‘మహానంది’, ‘గరుడ’ అనే పేర్లు ఆ క్షేత్రాలను తలపిస్తాయి. ‘నరసింహ’ అనే అమెరికన్ జాతి పత్తి రకం పేరు వింటే ఆళ్లగడ్డ దాటగానే వచ్చే అహోబిలం స్ఫురించకమానదు. ‘కృష్ణదేవరాయ’, ‘నరసింహరాయ’ అనే కొర్రలు విజయనగర ప్రభువులను, ‘రేనాడు’ అనే కొర్ర ఈ లోయ పాత పేరును గుర్తుచేస్తాయి. సూర్యనంది వంటి రకం రెండున్నర నెలల్లోపే చేతికొస్తుంది కనుక, దాని తర్వాత అదే తేమలో శనగ వేసుకునే అవకాశం రైతుకు దక్కుతుంది. చిరుధాన్యాలను లోకం పట్టించుకోని కాలంలో కూడా కొర్ర మీద పని ఆపని కేంద్రం ఇది. ఆ పట్టుదలకు దక్కవలసిన గుర్తింపు ఇంకా పూర్తిగా దక్కలేదు.

ఊరి పేరు లేకుండా, ఒక అక్షరంతో మాత్రమే ఖండాలు దాటిన రకం మరొకటుంది. నంద్యాల ‘ఎన్’ వరుసలోని పచ్చజొన్న ఎన్‑13 జొన్నమల్లెను తట్టుకుంటుంది. జొన్నమల్లె, శాస్త్రపరిభాషలో స్ట్రైగా, జొన్న వేళ్లకు అంటుకుని వాటి సారం పీల్చి బతికే పరాన్నజీవి. ఆఫ్రికాలో అది మొత్తం పంటనే మింగగలదు. ఎన్‑13 వేళ్లలో కణాల గోడలు గట్టిపడి ఆ పరాన్నజీవిని లోపలికి చొరనీయవు. దాన్ని ఇథియోపియా మూలానికి చెందిన మరో జొన్నతో కలిపి, నిరోధకతకు కారణమైన జన్యుభాగాలు క్రోమోజోముల మీద ఎక్కడున్నాయో శాస్త్రజ్ఞులు 2004 నాటికి గుర్తించారు. ఆ భాగాలను జన్యు గుర్తుల సాయంతో సూడాను రైతులు ఇష్టపడే రకాల్లోకి చేర్చగా, ఆ కొత్త రకాలు 2012లో ఆ దేశంలో విడుదలయ్యాయి. రేగడి చేలల్లో రైతులు తరాలుగా నిలుపుకున్న గింజ, క్షేత్ర ఉద్యోగి ఎంపిక, దూరదేశపు ప్రయోగశాల – ఈ మూడూ ఒకే గొలుసులోని కొలుకులు.

గత మూడు దశాబ్దాల్లో ఈ లోయ పంటల పట్టిక మారిపోయింది. జొన్న, దేశవాళీ పత్తి తగ్గి శనగ విస్తరించింది. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన అంతర్జాతీయ పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ భాగస్వామ్యంతో వచ్చిన జేజీ‑11 రకం ఆ విస్తరణకు ఊతమిచ్చింది. నంద్యాల కేంద్రం తన ‘ఎన్‌బీఈజీ’ వరుసలో శనగలు రూపొందించింది. వాటిలో ‘ధీర’ అనే ఎన్‌బీఈజీ‑47 నిటారుగా, ఎత్తుగా పెరిగి కాయలను నేలకు పైగా కాస్తుంది కనుక కోతయంత్రంతో కోయవచ్చు. కూలీల కొరతను చూసి మొక్క ఆకృతినే మార్చిన ఈ పని, సమాజాన్ని గమనించడం కూడా జీవశాస్త్రవేత్త ఉద్యోగంలో భాగమేనని చూపుతుంది.

ప్రైవేటు రంగం మరో దారి తెరిచింది. గుజరాత్‌లో సి. టి. పటేల్ 1970లో తొలి వాణిజ్య సంకర పత్తి హెచ్‑4ను అందించాక, సంకర విత్తనాన్ని ఏటేటా చేతితో తయారుచేసే పరిశ్రమ పుట్టి, క్రమంగా నంద్యాల, ఆళ్లగడ్డ పరిసరాలకు విస్తరించింది. జీవశాస్త్ర పట్టభద్రులకు విత్తన సంస్థల్లో క్షేత్ర పర్యవేక్షకులుగా, నాణ్యత పరీక్షకులుగా ఉద్యోగాలు దొరికాయి. అయితే సాయంత్రం మొగ్గలు ఒలిచే ఆ సున్నితమైన పనికి చేలల్లోకి వచ్చింది ఎక్కువగా బడి మానిన చిన్న వయసు ఆడపిల్లలని 2000 ప్రాంతంలో వెలువడిన అధ్యయనాలు కర్నూలు జిల్లా విషయంలో నమోదు చేశాయి. పరిశోధనా క్షేత్రంలో విజ్ఞానంగా చెలామణి అయిన పని విత్తన చేనులో అగ్గువ కూలిగా మారింది. ఈ ప్రాంతపు జీవశాస్త్ర చరిత్ర రాసేవారు ఆ పిల్లల చేతులను విస్మరించరాదు.

పంటల వెలుపల జరిగిన పని గురించి ఇక్కడ క్లుప్తంగానే చెప్పవచ్చు. నల్లమల వృక్షసంపదను భారత వృక్ష సర్వేక్షణ సంస్థకు చెందిన జె. ఎల్. ఎల్లిస్ గ్రంథస్థం చేశారు. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో టి. పుల్లయ్య, ఆయన శిష్యులు జిల్లాలవారీగా మొక్కల వివరాలు సేకరించి రాయలసీమ వృక్షశాస్త్రానికి ఒక పరంపర ఏర్పరిచారు. 1988లో అభయారణ్యంగా ప్రకటించిన రోళ్లపాడు పచ్చికబయళ్లలో బట్టమేక పిట్టపై బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రజ్ఞులు సుదీర్ఘంగా పనిచేశారు. 2008లో కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం రావడంతో పట్టా తర్వాతి చదువు ఇంటికి దగ్గరైంది, కాని చదువు తర్వాతి శాశ్వతోద్యోగం అంత దగ్గర కాలేదు.

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమయింది. పరిపాలనకూ వైద్య విద్యకూ భూమి కావలసివచ్చినప్పుడు ఊరిని ఆనుకుని ఉన్న పరిశోధనా క్షేత్రం మీద చూపు పడింది. కేంద్రం భూమిలో కొంత వైద్య కళాశాలకు కేటాయించడాన్ని రైతు సంఘాలు వ్యతిరేకించి న్యాయస్థానం తలుపు తట్టాయి. వైద్య కళాశాల 2023లో మొదలైంది. ఆసుపత్రి అవసరాన్ని ఎవరూ కాదనలేరు. అయితే దశాబ్దాలుగా ఒకే మడిలో ఏ ఎరువు వేశారో, ఏ పంట పెట్టారో రాసి ఉన్న నేల, బయట అంతే విస్తీర్ణంలో దొరికే మరో నేలతో సమానం కాదు. భవనానికి మరోచోటు వెతకవచ్చు, నూరేళ్ల వివరం ఉన్న మడిని మరోచోట విత్తడం సాధ్యం కాదు. మిగిలిన భూమిని ముక్కలు కానివ్వకుండా కాపాడాలని, పాత క్షేత్ర పుస్తకాలను చెదలు పట్టకముందే ప్రతులు తీయించాలని, వాటిలో పేర్లు లేని క్షేత్ర సహాయకుల, కూలీల పేర్లను జ్ఞాపకమున్నవారి నోట విని రాయించాలని నంద్యాల, ఆళ్లగడ్డ ప్రజలు తమ ప్రతినిధులనూ విశ్వవిద్యాలయాన్నీ అడగాలి. అలా చెప్పగల వృద్ధులు ఏటేటా తగ్గిపోతున్నారు.